సత్యవేణి గిన్నె

రాజోలులో రొయ్యల చెరువులున్న ఇంటికి సత్యవేణి చిన్నకోడలు. సైనస్ ముదిరి మూడేళ్లుగా ఆవిడకి ఏ వాసనా తెలీదు.

ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రిలో నర్సు కాగితం పట్టుకుని, "వాసన తెలీక తిండి దగ్గర ఎంత ఇబ్బందండీ? సున్నా నుంచి ఐదులోపు చెప్పండి," అంది.

"సున్నా అండీ. మా తోడికోడలు నా కూర వేరే గిన్నెలో తీసి ఉంచుతారు," అని మురిసిపోయింది సత్యవేణి.

ఆపరేషనైన నెలకి ముక్కు తెరుచుకుంది. మొట్టమొదట తగిలింది ఆ గిన్నె కంపే. మొన్నటి రొయ్యల కూర, పాచిపోయింది. మిగతావాళ్ల కంచాల్లో మాత్రం అప్పుడే దించిన కూర. మూడేళ్లు! పళ్లు నూరుకుంటూ కంచం ముందునుంచి లేచింది.

ముక్కు చూపించుకోడానికి ఆసుపత్రికి వెళ్తే, నర్సు మళ్లీ ఆ కాగితం తీసింది.

"ఆ సున్నా కొట్టేసి ఐదు వెయ్యండి. వాసన వచ్చిందని ఇంట్లో చెప్పలేదండి. ఆదివారం మా తోడికోడలి పుట్టింటివాళ్లు భోజనానికొస్తున్నారు. నా గిన్నెలోది వాళ్లకే వడ్డిస్తాను. నాకేం తెలుసండీ, వాసన తెలీని మనిషిని!"