ఒక స్టేజీ ముందే దిగిన మనిషి

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. నన్ను మీలో చాలామంది ఎరుగుదురు, ఇటిక్యాల దిక్కు నుంచి వచ్చి మొగుడి తాగుడు గురించి సాక్ష్యం చెప్పే రూతమ్మను నేనే. ఈరోజు ఆ సాక్ష్యం చెప్పను. అది చెప్పీ చెప్పీ నా సంసారం ఎక్కడిదాకా వచ్చిందో అది చెబుతాను.

మా ఆయన గద్వాలలో హమాలీ పని చేస్తాడు. ఒకప్పుడు కల్లు తాగేవాడు, అదీ మందు కలిపిన కల్లు, ఒక్కపూట లేకుంటే చేతులు వణికి పిచ్చిచూపులు చూసే రకం. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది, దేవుడు విన్నాడు, ఆయన మానేశాడు, దేవునికే మహిమ! ఆ సంగతి మొదట మా మందిరంలో చెప్పాను, తరువాత వనపర్తిలో స్త్రీల కూడికలో, పాన్‌గల్‌లో, కల్వకుర్తిలో, పిలిచిన చోటల్లా చెప్పాను. చెప్పగా చెప్పగా నాకది బాగా అలవాటైపోయి, తాగొచ్చి మూడు కుండలు పగలగొట్టాడని చెప్పేటప్పుడు ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగితే ఆడవాళ్లు కొంగు కళ్లకద్దుకుంటారో కూడా తెలిసిపోయింది. మా మందిరంలో నేను చెప్పేటప్పుడు ఆయన మగవాళ్ల చాపమీద, చివరన, తల వంచుకుని కూర్చునేవాడు. పరిశుద్ధాత్మ తాకుతున్నాడని నేను మురిసిపోయాను.

కొన్నాళ్లకు ఆయన మందిరానికి రావడం మానేశాడు. సాయంత్రం పనినుంచి రావడం కూడా ఆలస్యమే, కాళ్లనిండా దుమ్ము. సాతాను మళ్లీ చొరబడ్డాడని నేను గుమ్మంలోనే నిలబెట్టి నోరు వాసన చూసేదాన్ని. వాసన ఉండేది కాదు, అయినా సణుగుడు మానేదాన్ని కాదు.

ఒకరోజు కూడిక నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన సంచిలో బట్టలు కుక్కుతున్నాడు.

"కూలి పనికి పూణె పోత. సోమారం మేస్త్రి బండి తెస్తుండు" అన్నాడు.

"గిప్పుడు ఏం కరువొచ్చిందని?"

"గాడ నన్నెవ్వరెరుగరు. ఈడ చిన్న పోరగాండ్లు సుత తాగుబోతు సాక్ష్యపాయన అంటున్రు. పగిలింది ఒక్క కుండ, నువ్వు మూడంటివి. పోనీ. దేవుడే మాన్పిచ్చిండు, కాదన. గని బస్టాండ్ కాడ కల్లు దుకాణముందని రోజు ఒక స్టేజీ ముందుగాల్నే దిగి పొలాలెంబడి నడిచొస్తున్న. దుకాణంల దోస్తులు పేరు పెట్టి పిలుస్తరు, జర ఆగితే నా పని ఖతం. గది నీకు ఎన్నడన్న కనవడ్డదా?"

ఊరూరా మాట్లాడి వచ్చినదాన్ని, లోపలికి పోయి మోకాళ్లమీద పడ్డాను. "ప్రభువా, నీకు స్తోత్రం జెప్పుడు నేర్పినవ్. గీ మనిషికి ఏం జెప్పాల్నో నాకు తెల్వదు. ఆయన పోతే నేను ఆగమైత. నా నోట్ల మాట పెట్టు తండ్రీ" అని ఏడ్చాను.

మనలో ఆలుమగల మధ్య కృతజ్ఞత చెప్పే మాట ఉండదు కదా. పొరుగింటామె చెంబెడు మజ్జిగ పోస్తే నీ కడుపు చల్లగుండ అంటాం, కట్టుకున్నవాడిని అనం. నేను బయటికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, "నువ్వు గంత దూరం నా కోసం నడిచినవ్. నీ కడుపు సల్లగుండ" అన్నాను. ఆయన భయపడిపోయాడు. "ఏమైందే నీకు? పానం బాగలేదా? దవాఖానకు పోదామా?" అన్నాడు. సంచి మాత్రం విప్పలేదు.

పోయేముందు ఒక్క ఆదివారం మందిరానికి రమ్మని బతిమాలితే వచ్చాడు. అయ్యగారు ఎప్పటిలాగే నన్ను సాక్ష్యానికి పిలిచారు. నేను లేవగానే మా ఆయన తల వంచేశాడు.

"నేను గిన్ని దినాలు మా ఆయన తాగింది జెప్పిన, నడిచింది జెప్పలే" అని మొదలుపెట్టి ఆ స్టేజీ సంగతి, పొలాల దారి, దుకాణం ముందటి పిలుపులు అన్నీ చెప్పి, కుండ ఒక్కటేనని కూడా ఒప్పుకున్నాను. ఎవరూ ఏడవలేదు. ఒక పెద్దాయన చాపమీద జరిగి మా ఆయన భుజంమీద చెయ్యి వేశాడు. అప్పుడు ఆయన తల ఎత్తాడు, నావైపు కాదు, చుట్టూ ఉన్న మనుషులవైపు చూశాడు.

సోమవారం బండి వచ్చింది. ఆయన బయటికి పోయి మేస్త్రితో మాట్లాడి, బండి కదిలిపోయాక లోపలికి వచ్చి, "ఆకలైతుంది, రొట్టె పెట్టు" అన్నాడు. నేను రొట్టె చేస్తూ పొగ వంకతో బాగా ఏడ్చాను!

సహోదరీలారా, ఆయన చేతిని కల్లు నుంచి విడిపించిన దేవుడు నా నోటిని కూడా విడిపించాడు. ఆ దేవుణ్ణి నమ్మండి. మందిరంలో దేవునికి కృతజ్ఞత చెల్లించి ఇంటికి పోయాక, ఇంట్లో మనిషికి కూడా ఒక మాట చెప్పండి, దేవుడేమీ కోపగించుకోడు. ఇదంతా మా ఆయనను అడిగే మీకు చెబుతున్నాను. ఇకమీద ఆయన తాగుడు కథ నా నోట రాదు, అది ఆయనది. చెప్పాలనిపిస్తే ఆయనే లేచి చెబుతాడు. చెప్పకపోయినా దేవునికే మహిమ.