దిండులో దాచిన ఖర్జూరాలు

దిండు ఎత్తగానే తెలిసింది, అందులో దూది కానిదేదో ఉందని.

మాది పరుపులు కుట్టే ఇల్లు. ఆదోనిలో డిగ్రీ చదివి, ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చి పదేళ్ళు దాటింది. దిండు చేతిలోకి తీసుకుంటే ఎంత దూది పట్టిందో ఇప్పుడు తూకం లేకుండా చెప్పగలను. ఆ సాయంత్రం ఇఫ్తార్ అయింది, మా ఆయన నమాజుకు మసీదుకు వెళ్ళాడు. చాప దులుపుదామని మా అమ్మాయి దిండు పక్కకు తీశాను. ఒక మూల కిందికి లాగింది. దూది అట్లా లాగదు. కుట్టు దగ్గర చీమలు వరసగా లోపలికి పోతున్నాయి.

ఆ కుట్టు మా అత్తది కాదు. పొడుగ్గా, వంకరగా ఉంది. పిల్ల కుట్టింది. దారం తెంపి చూస్తే ఖర్జూరాలు, ఎండిపోయిన జొన్నరొట్టె ముక్కలు, దూది అంటుకున్న మిరపకాయ బజ్జీలు. ఖర్జూరాలు పన్నెండు. ఇఫ్తార్‌లో పిల్లలకు మూడేసి పెడతాను. అంటే నాలుగు రోజులు.

అమ్మాయికి తొమ్మిదేళ్ళు. గోడ వారగా కొత్త పరుపు మీద పడుకుని ఉంది. అలసిపోయిందనే అనుకున్నాను అంతసేపూ. పిలిచాను, కదిపాను. కళ్ళు తెరిచి చూసింది కానీ నన్ను గుర్తుపట్టినట్టు లేదు. పెదవులు తెల్లగా ఉన్నాయి.

రంజాన్ ఉపవాసాన్ని మా ఇళ్ళల్లో ఒక్కపొద్దు అంటాం. పిల్లలు పూర్తిగా ఉండలేరు కాబట్టి మధ్యాహ్నం దాకా ఉండి తింటారు. అది సగం పొద్దు. నెల మొదట్లో మా అత్త సూదిలో దారం ఎక్కిస్తూ అమ్మాయితో అంది:

"మే పిల్లా, నువ్వు రెండు సగాలు తెచ్చియ్యి సాలు. నేను కుట్టి ఒకటి చేస్తా."

"కుట్టు కనపడదా జేజీ?"

"నా కుట్టు అల్లాకు తప్ప ఇంగెవురికీ కనపడదు."

అయిదేళ్ళ మావాడు పక్కనుంచి, "నేను పావు పొద్దుంటా, నాలుగు కుట్టు" అన్నాడు.

"నీది పొద్దు గాదురా నాయనా. దోసెకూ దోసెకూ నడుమ ఖాళీ" అంది అత్త. అందరం నవ్వాం.

ఆ తర్వాత అమ్మాయి ముఖం పాలిపోతూ వచ్చింది. ఎదురింటామె చూసి, "పొద్దుండే పిల్ల మొగంలో ఎంత నూరు వచ్చిండాది సూడు" అంది. దైవభక్తి తెచ్చే వెలుగును మేం నూరు అంటాం. నాకు సంతోషమేసింది. ఎప్పుడూ పిల్లలకు జ్వరమొస్తుందేమో, పడతారేమో అని వణికే నేను, ఆ నాలుగు రోజులూ వణకలేదు.

అత్తా నేనూ అమ్మాయిని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. మా ఆయన మసీదు నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. డాక్టరు అమ్మాయి కనురెప్ప కిందికి లాగి చూసి, "ఎప్పుడు తినిందప్పా?" అని ఆయన్ను అడిగాడు.

"సగం పొద్దుంటాది సార్. మధ్యాన్నం బడిలో తింటాది, రాత్రి ఇంట్లో తింటాది."

"తినలేదు సార్" అన్నాను నేను. "నాలుగు దినాలుగా దిండులో పెట్టింది."

డాక్టరు నన్ను ఒకసారి చూశాడు. వెంటనే సెలైన్ పెట్టించాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని మాత్రం, పోయేముందు మా ఆయనతో చెప్పాడు.

సగం సీసా ఎక్కాక అమ్మాయి మాట్లాడింది.

"బడిలో గూడా తినలేదా?" అని అడిగాను.

"లేదు. గుడ్డు మాత్రం తినినా. ఒగ దినం."

"యాలమ్మా?"

"నీ ఫోన్లో పాప ఉండ్లేదా, గిన్నె పట్టుకోని. ఆ పాపకు. నా పొద్దూ ఆ పాప పొద్దూ కలిపి కుట్టమని జేజిని అడిగితి. కుడతాలే అనింది. నేను తినకుంటే నాది ఆ పాపకు పోతాదనుకున్నా."

"దిండులో ఎందుకు పెట్టినావు?"

"జేజి కుట్టేది దిండ్లే కదా."

మా అత్త మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. "దినానికి వంద అడుగుతాది. అన్నిటికీ కుడతా కుడతా అంటా. నేనేం కలగన్నానా?" అంది. నా వైపు తిరిగింది. "సదువుకున్నదానివి. దిండు బరువు తెలిసేదానికి నీకు నాలుగు దినాలు పట్టిందా?"

అడగవలసిన మాటే అడిగింది.

ఫోన్‌లో పాప ఎవరో నాకు తెలుసు. ఇఫ్తార్ అయ్యాక టీ తాగుతూ ఆ వీడియోలన్నీ చూస్తాను. యుద్ధం జరుగుతున్న చోట దారులు మూసేశారు. ఇవతల లారీల్లో పిండి బస్తాలు ఉన్నాయి, అవతల పిల్లలు ఖాళీ గిన్నెలతో ఉన్నారు. ఒక పాప గిన్నె అడుగు వేలితో గీకి నాకింది. నేను బొటనవేలితో పైకి తోసేశాను. తర్వాత ఎవరో చీరలు చూపించారు. అమ్మాయి నా భుజం వెనకే నిలబడి ఉందని నాకు తెలుసు. తెలిసీ ఫోన్ తిప్పలేదు.

ఉపవాసముంటే పేదవాడి ఆకలి అర్థమవుతుందని చిన్నప్పుడు నాకు చెప్పారు. నేనూ నా పిల్లలకు అదే చెప్పాను. కాలేజీలో చదివేటప్పుడు ఒక రంజాన్‌లో ఆదోని బస్టాండులో కూర్చుని ఉన్నాను. పక్కన కోసిగి వైపు కుటుంబమొకటి మూటలు పెట్టుకుని గుంటూరు పోయే బండి కోసం చూస్తోంది, మిరపకాయల కోతకు. ఆ తల్లి ఒక బన్ను తుంచి ముగ్గురు పిల్లలకు పెట్టి, చివరి ముక్క నాకు చాపింది. ఒక్కపొద్దున్నానని చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పినట్టు గుర్తు.

"సాయంత్రానికి తింటావు కదా పాపా?" అంది.

తింటానన్నాను.

"మంచిది" అని ఆ ముక్క తను తినకుండా కొంగులో కట్టుకుంది.

మా ఆకలి ఏ నిమిషానికి ముగుస్తుందో మసీదువాళ్ళు ముందే అచ్చు వేసి పంచుతారు. ఆ కాగితం మా వంటింటి తలుపుకు అంటించి ఉంది. అందులోని నిమిషం కోసం చూస్తూ, ఎదురుగా బజ్జీలు పెట్టుకుని కూర్చుని, ఇతరుల ఆకలి తెలిసిందనుకున్నాను. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా తెల్లవారుజామున తినడానికి అన్నం వండి పక్కన పెట్టుకునే ఉన్నాను. ఉపవాసం మీద నాకు నమ్మకం పోలేదు. దాని గురించి నేను చెప్పిన మాట మీద పోయింది.

ఆసుపత్రి నుంచి ఆ రాత్రి పదింటికి అమ్మాయిని ఇంటికి తెచ్చుకున్నాం. తెల్లవారి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి ఇద్దరికీ చెరో గిన్నెలో పెట్టాను. మా అత్త వాకిట్లో కూర్చుని ఆ దిండు దూదినంతా ఎండలో పరుస్తోంది, ఎప్పటిలా పాడుకోకుండా.

"ఈ నెల ఇంగ నీకు పొద్దు లేదు" అన్నాను అమ్మాయితో. "సగమూ లేదు. జేజి ఏమీ కుట్టలే, ఎవురూ కుట్టలేరు. నువ్వు పెట్టింది ఆ పాపకు పోలేదమ్మా. చీమలు తినినాయి."

అమ్మాయి గిన్నెలో ఉగ్గాని వేలితో అటూ ఇటూ జరిపింది. మావాడు నోట్లోది మింగి, "మరి ఆ పాపకు ఎవురు పెడతారు?" అన్నాడు.

"పెట్టేవాళ్ళు ఉండారు. పోనీకుండా దారి మూసినోళ్ళూ ఉండారు. వాళ్ళు దారి ఇడిస్తే పెడతారు."

"ఎప్పుడిడుస్తారు?"

"నాకు తెలీదు నాయనా" అన్నాను. "నిజంగా తెలీదు. తినండి. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా నేను ఈడనే కూర్చోనింటా."