విత్తనపు కుప్పకు సొరంగం

ఈ రోజు పొద్దున మా అక్క కుళ్లిన పసుపు కొమ్మును చేతిలో పట్టుకుని మా పెరట్లో నిలబడి ఉంటే, నేను ఆమెతో అన్న మాట ఇది: "పట్టాల మీదికెల్లి కాలు తియ్యక్కా, వంగుతున్నయ్."

ఆ మాట నోట్లోంచి వస్తుండగానే తప్పని తెలిసింది. తెలిసీ ఆగలేదు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాను. అది దీనికంటే అధ్వాన్నం. దాని దగ్గరికి వచ్చేముందు ఆ పట్టాలేమిటో, ఆ పసుపేమిటో చెప్పాలి.

మా అక్కది నవీపేట్ దగ్గర పల్లె. ఉన్న కొద్దిపాటి చెలకలో ఏటా పసుపు వేస్తుంది. పంట తవ్వినప్పుడే మంచి కొమ్ములు ఏరి, వచ్చే ఏటి విత్తనానికి పక్కన పెట్టుకుంటుంది. వాళ్లు కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు వెనక అంతా సిమెంటు, జానెడు నీడ లేదు. బోధన్‌లో మా ఇంటి వెనక పెద్ద వేపచెట్టుంది. అందుకని హోళీకి ముందు విత్తనం తెచ్చి దాని కింద కుప్ప పోసింది. పైన ఎండిన పసుపాకు కప్పి, మట్టీ పేడా కలిపి మెత్తింది. మిరుగు కార్తె వచ్చి వానలు పడ్డాక కుప్ప విప్పి నాటుకోవాలి. పోయేటప్పుడు ఒక్కటే చెప్పింది, నీళ్లు తగలనివ్వొద్దని. ఈ ఏడు ఆమె చెలకలో పంటంటూ ఉంటే అది ఆ కుప్పలోంచి రావాల్సిందే.

నాది మోటార్ వైండింగ్ దుకాణం. రైతుల మోటార్లు కాలిపోయేది ఎండాకాలంలోనే. ఆ రోజుల్లో పొద్దు గూకేదాకా నేను దుకాణంలోనే ఉండాలి. ఈసారి ఎండాకాలమంతా పెరట్లో ఉన్నాను. రైలు కట్టాను.

నవ్వకండి. నవ్వేవాళ్లందరూ ఇప్పటికే నవ్వేశారు. ఫోన్‌లో ఎవరో పెద్దాయన తన తోటలో పూల మొక్కల మధ్య రైలు నడుపుతుంటే చూశాను. పిల్లలు కీ ఇచ్చి ఆడుకునే బొమ్మ కాదు. ఇంజను మోచేతి పొడుగు ఉంది, పెట్టెల్లో కొబ్బరికాయలు పట్టేలా ఉన్నాయి. బోధన్‌కు వచ్చే రైళ్లే తక్కువ, మన ఇంట్లోనైనా ఒకటి తిరగనీ అనుకున్నాను. కిటికీలు చేసే షాపులో అల్యూమినియం పట్టీలు తెచ్చి పట్టాలు చేశాను. వడ్రంగి పారేసే టేకు ముక్కలను కాలిన ఇంజనాయిల్‌లో నానబెట్టి స్లీపర్లు చేశాను. కారు అద్దం తుడిచే వైపర్ మోటారు, స్కూటర్ బ్యాటరీ కలిపితే ఇంజనైంది. పెట్టెల్లో చీపురు పుల్లలు కత్తిరించి పేర్చాను. అది చెరుకు లోడు.

అంతవరకు బాగానే ఉంది. నేల మీద పరిచిన రోజు నుంచి ఏడుపు మొదలైంది.

మాది నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది, చుక్క పడితే ఉబ్బుతుంది. సాయంత్రం మట్టం చూసి పరిచిన పట్టా పొద్దున్నకు ఒక పక్కకు ఒరిగేది. నేల తవ్వి మొరం పోశాను. మొరం మీద కంకర పోశాను. అది కుదురుకుందనుకునేసరికి మధ్యాహ్నపు ఎండకు పట్టీలు సాగి పాములా మెలికలు తిరిగాయి. రోజూ రాగితీగతో, వేడితో బతికేవాణ్ణి, పట్టీకి పట్టీకి మధ్య సందు వదలాలని నాకు తట్టలేదు. మొత్తం విప్పి మళ్లీ కోశాను. ఆ తర్వాత పక్కింటి కోడి ఒక పెట్టెలో కాపురం పెట్టింది. ఇంకో పెట్టెను కోతి ఎత్తుకుపోయి ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద కూర్చుని, చెరుకనుకుందేమో, ఒక్కొక్క పుల్లా నమిలి కింద ఉమ్మింది. దాన్ని దించడానికి నేను అరటిపండు చూపిస్తుంటే వాడకట్టంతా బయటికొచ్చి చూసింది.

మా ఆవిడకు బట్టలారేసే తీగ కిందే లైను పోయింది. గిన్నెలు తోమే బండ పక్కన స్టేషను వచ్చింది. మొదట్లో ఊరుకుంది. తరువాత తడిబట్టల బకెట్టుతో గడపలో నిలబడి, "బట్టలారెయ్యాల్నంటె స్టేషన్ మాస్టర్ను అడగాల్నా, ఉత్తగ పోవచ్చునా?" అని అడగడం మొదలుపెట్టింది. నేను నిజంగానే, రైలు పోయాక రమ్మనేవాణ్ణి.

ఇదంతా భరించాను. భరించలేనిది వేపచెట్టు దగ్గరి మలుపు. చెట్టూ, దాని పక్కన అక్క కుప్పా, ఆ వెనక ప్రహరీ గోడ. ఆ ఇరుకులో లైను మరీ ముడుచుకుపోయి తిరగాల్సొచ్చింది. ప్రతిసారీ అక్కడికి రాగానే ఇంజను ముందు చక్రం ఎగిరి పక్కకు పడేది. వేగం తగ్గించాను, పడింది. బరువు పెట్టాను, పడింది. చక్రాలు విప్పి మళ్లీ బిగించాను, పడింది. ఒక రోజు దాన్ని ఎత్తి గోడకేసి కొట్టబోయి, చెయ్యి నొచ్చి ఆగాను. ఒక మూర అటు జరిగితే చాలు. ఆ మూరలో కుప్ప ఉంది.

కుప్ప జరపొచ్చా అని అక్కకు ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే వద్దంటుందని తెలుసు, అందుకే అడగలేదు. కుప్ప అంచును పారతో కోసి, లావుపాటి ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి డొప్పలా బోర్లించాను. దాని మీద మళ్లీ మట్టి మెత్తాను. సొరంగమైంది. రైలు కుప్పలోకి దూరి అవతల తేలింది, పడలేదు. అన్నాళ్ల విసుగుకు అది చూసి నాకు కళ్లనీళ్లొచ్చినంత పనైంది. అక్కడితో ఆగి ఉంటే ఆ అంచు కొమ్ములే పోయేవేమో. ఆగలేదు. సొరంగం రెండు మూతులకూ సిమెంటు కట్టాను. సిమెంటన్నాక పొద్దున సాయంత్రం తడపాలి కదా. పైపు పట్టుకుని తడిపాను. కుప్ప మీద గరిక తెచ్చి నాటాను, గుట్ట పచ్చగా కనబడాలని. దానికీ నీళ్లు పోశాను.

కొన్నాళ్లకు మట్టి పగుళ్లలోంచి పసుపు మొలకలు పైకొచ్చాయి. అవేమిటో నాకు తెలియక కాదు. నేను చూసింది మాత్రం గుట్ట మీద చెట్లను. రైలు పక్కన సరిగ్గా చెట్లంత ఎత్తున్నాయి. దుకాణానికి వచ్చినవాళ్లను ఇంటికి పిలిచి మరీ చూపించాను. ఆ మధ్య కుప్ప వైపు నుంచి ఒక వాసన రావడం మొదలైంది. మురుగు మోరీదని మా ఆవిడతో చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను.

ఇక ఈ పొద్దున. రెండు వానలు పడ్డాయి. అక్క సాళ్లు తీయించి, డ్రిప్పు పైపులు పరిపించి, రేపు నాటడానికి కూలివాళ్లకు చెప్పి, ఊరి ఆటో ట్రాలీ మాట్లాడుకుని విత్తనానికి వచ్చింది. కుప్ప మీది మొలకలు చూసింది. వంగి మట్టి పెళ్ల లేపి లోపల చెయ్యి పెట్టింది. బయటికి తీసిన కొమ్ము ఆమె వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది.

"నీళ్లు వట్టినవా తమ్మీ?"

"జరంత."

ఇంకా లోపలికి చెయ్యి పెట్టి చూడబోయి ఒక అడుగు ముందుకేసింది. ఆ అడుగు మలుపులో పట్టా మీద పడింది. అప్పుడే నేను ఆ మాట అన్నాను.

అక్క గబుక్కున కాలు తీసింది. ఎవరి కాలో తొక్కినట్టు తీసింది. "రేపు కూలోళ్లకు జెప్పిన. ఇప్పుడు ఏమెయ్యాలె నేను?" అంది. నన్ను తిట్టడానికి కాదు, నిజంగానే అడిగింది. నేను గొంతు లేపాను.

"నా ఇల్లేమన్న గోదామా? నీ ఇంట్ల వెట్టుకోరాదు మల్ల?"

"గట్లనా తమ్మీ," అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. ఆటో ఖాళీగా తిరిగిపోయింది.

నేను వంగిన పట్టాను సరిచేస్తూ కూర్చున్నాను. అది కూడా చెప్పుకోవాలి. వాన మీద, మట్టి మీద, నీడలేని ఇల్లు కట్టుకున్నవాళ్ల మీద గొణుక్కుంటూ కూర్చున్నాను. మా ఆవిడ గంపా పారా తెచ్చి కుప్ప విప్పడం మొదలుపెట్టింది. ఆ తడి అంత లోపలికి దిగే అవకాశమే లేదని ఆమెకు వివరించాను. ఆమె ఒక కొమ్ము విరిచి నా ముక్కు దగ్గర పెట్టింది.

"వదినె గాబట్టి ఏమనకుండ వోయింది. నేనైతె అంటుంటి."

సొరంగాన్ని పీకి అవతల పారేశాను. ఇద్దరం కూర్చుని ఏరాం. పైపు వైపుదంతా కుళ్లింది. పైదానికి మొలకలు బాగా సాగి, ముట్టుకుంటే విరిగిపోతున్నాయి. నడిమిది, నీళ్లు చేరనిది, గట్టిగా ఉంది. గట్టివన్నీ సంచులకెత్తితే అక్క చెలకలో సగానికి వచ్చేలా కనబడింది. మిగతా సగానికి విత్తనం ఈ పూట ఎక్కడ దొరుకుతుంది?

ఏర్గట్లలో ఒక రైతున్నాడు. ఏటా తనకు కావలసినదానికంటే ఎక్కువ విత్తనం దాచుకుంటానని నాతోనే అన్నాడు. ఆయన మోటారు ఉగాది నుంచీ నా దుకాణంలో విప్పిన విప్పినట్టే పడి ఉంది. ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తడం మానేసి చాలా రోజులైంది. ఈ రోజు నేను చేస్తే ఆయన ఎత్తలేదు. ఏరిన సంచులూ, దుకాణంలో నాకోసం ఉంచుకున్న పాత మోటారూ, మోటార్లు మోయడానికి నాకున్న ఆటో ట్రాలీలో వేసుకుని బయలుదేరాను. నిజామాబాద్ దాటి ఆర్మూర్ వైపు పోతుండగా, కుప్ప లేదు కాబట్టి ఇక ఆ మలుపును సుఖంగా తిప్పొచ్చనే ఆలోచన వచ్చింది. ఎన్ని మూరలు జరపొచ్చో కూడా లెక్కేస్తున్నాను. నా మీద నాకే చీదర పుట్టింది.

రైతు ఇంటి ముందే ఉన్నాడు. ట్రాలీలోకి తొంగిచూసి, అది తన మోటారు కాదన్నాడు. మీది ఇంకా కాలేదు, అయ్యేదాకా ఇది వాడుకోండన్నాను.

"ఫోనెత్తనోడివి, ఇయ్యాల ఇంటిదాంక ఒస్తివి. ఎందుకింత లేటయిందో జెప్పు ముందు."

అబద్ధానికి ఓపిక లేదు. రైలు కట్టానని చెప్పాను.

"రైలా? ఏడికి వోతది?"

"ఇంటెనుక యాపచెట్టు సుట్టు తిరుగుతది."

"తిరిగి?"

"మల్ల తిరుగుతది."

ఆయన లోపలున్న భార్యను బయటికి పిలిచి, ఆ మాట ఆమెకు మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత అక్క విత్తనం సంగతి చెబితే మాత్రం ఇద్దరూ నవ్వలేదు. ఆయన లేచి, తాను నాటగా మిగిలిన కుప్ప దగ్గరికి నడిచాడు. సంచులు నన్నే నింపుకోమన్నాడు. ఇది వేరే రకం, ముందే పంటకొస్తుంది, మీ అక్కవాటితో కలపొద్దని రెండుసార్లు చెప్పాడు. తన మోటారు త్వరగా చేసిమ్మని, దీనికి బదులు మీ అక్క పంటలోంచి వచ్చే ఏడు విత్తనమే ఇవ్వాలన్నాడు.

నవీపేట్ చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్క వాకిట్లో డ్రిప్పు పైపు మూతలు కడుగుతోంది. నేను సంచులు దించుతుంటే లేచి రాలేదు. అన్నీ దించాక వచ్చి, ఒకదాని మూతి విప్పి చూసింది.

"ఇది మనది కాదు."

ఏర్గట్లదని, కలపొద్దన్నాడని చెప్పాను.

"ఎవలిచ్చిండ్రు?"

"నా మీద కోపమున్నాయన."

"గసుంటోళ్లు శానమంది ఉన్నరు గదా," అంది.

అప్పుడు చెప్పాను. "పొద్దుగాల నేనన్న మాటలు తప్పక్కా. నీళ్లు నేనే వోసిన. కుప్పల ఏముందో తెలిసే వోసిన."

అక్క సంచి మూతి కట్టడం ఆపింది. "తెల్వక వోసినవనుకుంటి," అంది. క్షమించు అనే మాట నేను మనసులో సిద్ధం చేసుకునే వచ్చాను. ఆ మొహం చూశాక అది నోటికి రాలేదు. చివరికి ఆమే, "నిలవడి ఏం జేస్తవ్, ఆ డ్రమ్ముల మందు కలుపు. కొమ్ములు ముంచి ఆరవెయ్యాలె," అంది.

కుళ్లు పట్టకుండా వేసే ఆ మందు కలిపాను. ముందు మా కుప్పలోంచి బతికినవి, తరువాత ఏర్గట్లవి, విడివిడిగా ముంచి తీసి, ఇంట్లో ఫ్యాను కింద రెండు టార్పాలిన్లు పరిచి పలచగా ఆరబోశాను. మధ్యలో అక్క వచ్చి, నేను బాగున్నాయనుకున్న వాటిలోంచి కొన్ని మెత్తవి ఏరి అవతల పారేసి పోయింది. మా ఆవిడకు ఫోన్ చేసి ఇంటికి రావడం లేదన్నాను. ఇంట్లో ఉన్న దుకాణం తాళంచెవి పక్కింటాయనకిచ్చి, ఏర్గట్ల మోటారు ఎల్లుండి మొదలుపెడతానని బోర్డు మీద రాయించమన్నాను. రేపు కూలివాళ్లకు గంపలు అందించేది నేనేనని అక్కతో చెప్పాను. "పొద్దున్నే లేవాలె మరి," అని అక్క ఒక దుప్పటి తెచ్చి ఆరబోసిన కొమ్ముల పక్కన పడేసింది.