తెల్లమిద్దె మీద నెత్తళ్లు

మైపాడు రేవులో అంకాలమ్మ మెచ్చుకున్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు. అందరిలోకీ ఆమెకు మరీ చులకన, నెత్తళ్లను ఇసకలో ఎండబోసే ఆడవాళ్లు. "మట్టి అమ్ముకునే మొహాలు" అని మొహానే అనేసేది. ఆమె చేపలు ఎండేది సొంత మిద్దె మీద. మధ్యాహ్నానికి పెనంలా కాలే ఆ సిమెంటు కప్పు పైన సాయంత్రానికల్లా గలగలలాడేవి. నెల్లూరు నుంచి వచ్చే వ్యాపారి ముందు ఆమె గంప దగ్గరే ఆగేవాడు. రేవులో తలెత్తుకు తిరగడానికి ఆమెకున్నది ఆ ఒక్కటే.

ఆ కప్పు కింద కాపురం మాత్రం నరకం. కోడలు వనజాక్షి చంటిబిడ్డతో పుట్టింటి నుంచి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. బిడ్డ ఒంటినిండా చెమటకాయలు. మధ్యాహ్నమంతా గుక్కపట్టి ఏడుపే.

"ఇట్టయితే బిడ్డనెత్తుకోని మా అమ్మోళ్లింటికి పోతా" అని వనజాక్షి తెగేసి చెప్పింది.

కొడుకు వినోద్ తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడ పరిచయమైన ఒక సంస్థవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. కొత్తవి కట్టకుండా, ఉన్న ఇళ్లనే చల్లబరుస్తారట, కరెంటు ఆదా అట. ఒకేరకం టోపీలు పెట్టుకున్న గుంపు దిగింది. కప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లరంగు పూశారు. గోడల పైభాగాన గాలికి కంతలు కొట్టారు. పనికన్నా ఫోటోలకే ఎక్కువసేపు నిలబడ్డారు.

"సున్నం కొట్టేదానికి ఇంతమందా? మీ అమ్మానాయన చదివించింది దీనికేనా అబయా?" అంది అంకాలమ్మ.

వాళ్లు నవ్వి, రంగు మీద ఏమీ ఆరబోయవద్దని చెప్పి పోయారు. వాళ్ల మాట వింటే ఆమె అంకాలమ్మ ఎందుకవుతుంది? మర్నాడే నెత్తళ్లు పరిచింది. పైన ఎండ మండుతున్నా కింద కప్పు కాలలేదు. చేపల అడుగు చెమ్మ వదల్లేదు. రెండు రోజులు తిరిగేసరికి పురుగు పట్టింది. వ్యాపారి ఒక చేప తీసి వాసన చూశాడు, గంపలో పడేసి, పిచ్చమ్మ దగ్గరికి పోయాడు. ఇసక చేపల పిచ్చమ్మ దగ్గరికి! అంకాలమ్మకు ఆ పూట అన్నం సహించలేదు.

"నీ చల్లకప్పు నా నోట్లో మన్ను కొట్టింది గదరా" అని వినోద్‌ను దులిపేసింది. అతడు తిరిగి తడకు పోగానే పొలుసు గీకే కత్తి తీసుకుని మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కింది. కూర్చుని కసిగా గీకింది. జానెడు మేర నల్ల సిమెంటు బయటపడింది. దానిమీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. అదీ కప్పంటే!

ఇంకో జానెడు గీకబోతూ ఆగింది. ఈపాటికి కింద నుంచి ఏడుపు వినిపించాలి. వినిపించలేదు. గబగబా దిగి తలుపు తోసింది. చాప మీద బిడ్డ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పక్కన వనజాక్షి కూడా ఒళ్లు తెలియకుండా నిద్రలో ఉంది. ఇంట్లో గాలి ఆడుతోంది. అంకాలమ్మ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. మళ్లీ మిద్దె ఎక్కలేదు.

మర్నాడు పొద్దున పడవలు రాగానే గంపెడు నెత్తళ్లు నెత్తికెత్తుకుని ఇసకలోకి నడిచింది. అక్కడ పిచ్చమ్మ తన చేపలు తిరగేస్తోంది.

"ఏందక్కా, దారి తప్పినావా? మిద్దె ఏమైంది?" అని పిచ్చమ్మ పగలబడి నవ్వింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా పని ఆపి చూశారు.

"జరుగు మే. ఈ రేవంతా మీ నాయన రాసిచ్చినాడా?" అని అంకాలమ్మ ఎవరి మొహమూ చూడకుండా వంగి, ఇసకలో చేపలు పరిచింది.