బొమ్మలో లేని ఇన్‌స్పెక్టరమ్మ

బడిని తనిఖీ చేయడానికి వచ్చిన అధికారిణిని గుమ్మం బయట నిలబెట్టి, ఆవిడ కుర్చీలో మా నాన్నను కూర్చోబెట్టిన ఘనత నాది. నా డైరీలో ఆ రోజుకు ఆరు పేజీలున్నాయి. నాలుగు పేజీల్లో ‘ఛీ’ తప్ప మరో మాట లేదు. మిగిలిన రెండు పేజీలూ మీకు చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ, మా నాన్నకు వినపడేలా నవ్వకండి. ఆయనకు ఇప్పటికే గర్వం ఎక్కువైంది.

అప్పటికి నేను తెలుగునేలకు దూరంగా, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలోని ఒక తెలుగు బడిలో మూడో తరగతి టీచరుగా చేరి నాలుగు నెలలు. నా గొంతు ఎంత గొప్పదంటే, పాఠం సగమయ్యాక మొదటి బెంచీ పిల్లలు “టీచర్, మొదలెట్టీసినారా?” అని అడిగేవారు. అలాంటి నా తరగతిలోకి ఝాన్సీ వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. ఆటిజం ఉంది. లెక్కలు నాకంటే వేగంగా చేస్తుంది. కానీ ముందుగా చెప్పకుండా ఏదైనా మారితే, కొత్త మనిషి వచ్చినా, గంట రెండు నిమిషాలు ముందే కొట్టినా, చెవులు మూసుకుని బయటికి పరుగెత్తేది.

ఒకరోజు హెడ్మిస్ట్రెస్ గారు పిలిచారు. “ఈ బుధవారం కాదు, పై బుధవారం ఇన్‌స్పెక్షనమ్మా. ఆ రోజు గాని ఆ పిల్ల బయటికి పరిగెట్టిందో, మనవల్ల కాదని రాసిచ్చెస్తాను. ఏరే బడి ఎతుక్కుంటారు.”

గేటు దగ్గర ఝాన్సీ నాయనమ్మ ఆ మాట విన్నట్టుంది. నా చెయ్యి పట్టుకుంది. “మా పిల్ల పొద్దున్నే తనే సంచీ తగిలించుకుంటందమ్మా. ఇదివరకు మంచం కింద దూరిపోయీది. ఈ బడి మాన్పించకండమ్మా.”

ఆ రాత్రి నిద్ర పట్టక పుస్తకాలు ముందేసుకున్నాను. రోజంతా ఏం జరుగుతుందో వరసగా బొమ్మల్లో చూపిస్తే ఇలాంటి పిల్లలు ధైర్యంగా ఉంటారని చదివాను. మర్నాడే అట్టముక్కల మీద బొమ్మలు వేసి గోడకు తగిలించాను: ప్రార్థన, లెక్కలు, నీళ్లు, భోజనం, ఇల్లు. ఝాన్సీ పొద్దున్నే వాటిని చదువుకుని హాయిగా కూర్చునేది. ఇక నా సుఖం చెప్పనక్కర్లేదు. నీళ్ల బొమ్మ ఎత్తితే చాలు, నలభైమంది సీసాలు తీసేవారు. నోరు విప్పే పనే లేదు!

మార్పు వస్తుంటే దాన్ని కూడా ముందే బొమ్మలో చూపించాలట. అందుకని ఇన్‌స్పెక్టరు బొమ్మ గీయడానికి కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరును నేనెన్నడూ చూడలేదు. అయినా చెయ్యి దానంతటదే సాగిపోయింది: బట్టతల, గుబురు మీసం, చొక్కా బొత్తాలకు పరీక్ష పెట్టే పొట్ట, జేబులో ఎర్ర పెన్సిలు. ఐదు రోజులు తరగతి మొత్తానికీ నేర్పించాను. “ఈయన వస్తారు. కుర్చీలో కూర్చుంటారు. భోజనం గంటకి వెళ్తారు.”

బుధవారం వచ్చింది. కంగారులో నా టిఫిన్ డబ్బా ఇంట్లోనే మరిచిపోయాను. పదకొండు గంటలకు హెడ్మిస్ట్రెస్ గారి వెనక ఒకావిడ గుమ్మం దాకా వచ్చారు. పొట్టి జుట్టు, సన్నగా రివటలాంటి మనిషి, భుజాన గుడ్డసంచీ, చేతిలో స్కూటీ హెల్మెట్.

ఝాన్సీ లేచి వెళ్లి గోడమీది బొమ్మ తీసింది. బొమ్మను చూసింది. ఆవిడను చూసింది.

“మీసం లేదు.”

“క్యా?” అన్నారావిడ.

“పొట్ట లేదు. ఈవిడ కాదు.” తలుపు వేసి గడియ పెట్టేసింది.

“ఝాన్సీ, ఆవిడే...” అన్నాను. నా మాట నాకే వినపడలేదు. పిల్ల చేతులు అప్పుడే చెవుల దగ్గరకు వెళ్తున్నాయి. చూపు వెనక తలుపు మీద ఉంది. ఇక పరుగే!

సరిగ్గా ఆ వెనక తలుపులోంచే మా నాన్న లోపలికి వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి. చేతిలో నా టిఫిన్ డబ్బా.

“అమ్మలూ, డబ్బా మర్సిపోనావేటే?”

ఝాన్సీ బొమ్మను చూసింది. నాన్నను చూసింది. చేతులు చెవుల మీంచి దిగాయి.

“బట్టతల. మీసం. పొట్ట. ఎర్ర పెన్సిలు.” చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీ చూపించింది. “కూకోండి.”

నలభైమందీ లేచారు. “నమస్కారం ఇన్‌స్పెక్టర్ గారూ!”

నేను ఎవరి ముఖం గీశానో అప్పుడు తెలిసింది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు పదేళ్లపాటు నావైపు చూసిన ముఖం అది!

“ఏటే ఇది?”

“నాన్నా, నీకు దండం పెడతాను. లేవకు.”

ముప్పై అయిదేళ్లు వర్క్‌షాపు ఇన్‌స్పెక్టర్ల ముందు నిలబడ్డ మనిషికి మొదటిసారి ఆ కుర్చీ దొరికింది. వదులుతాడా? గొంతు సవరించుకున్నాడు.

“ఆ ఫేనేటి, అలగ ఊగుతంది? బోల్టు లూజు. ఒక్కలికీ కనపళ్లేదా?”

“లేదు సార్!”

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న ఆవిడ హెడ్మిస్ట్రెస్ గారిని హిందీలో అడిగారు. “ఆయన ఇన్‌స్పెక్టరయితే, నేనెవరు దీదీ?”

హెడ్మిస్ట్రెస్ గారి చూపు కిటికీ ఊచల్లోంచి నన్ను పొడిచింది. అట్టముక్క తీసుకుని కిటికీ దగ్గరకు పరుగెత్తాను. “మేడమ్, హిలియే మత్!” అని, కదలొద్దని హిందీలో అరిచాను. నా గొంతు బడి మొత్తానికి వినపడింది ఆ రోజే. ఆవిడ రాతిబొమ్మలా బిగుసుకుపోయారు. నేను గీస్తున్నాను, ఝాన్సీ పక్కన నిలబడి తప్పులు పడుతోంది.

“సంచీ లేదు.”

వేశాను.

“హెల్మెట్ మర్సిపోనారు.”

అదీ వేశాను. ఝాన్సీ నాన్న బొమ్మనూ కొత్త బొమ్మనూ గోడమీద పక్కపక్కన తగిలించి, రెండుసార్లు చూసుకుని, గడియ తీసింది. “రండి.”

నాన్న మర్యాదగా లేవబోయాడు. “లెగకూడదు. భోజనం గంటకి ఎల్లాలి,” అంది ఝాన్సీ. నాన్న కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టరమ్మ నవ్వాపుకుంటూ ఝాన్సీ బెంచీ మీదే సర్దుకున్నారు. గంట కొట్టేదాకా ఆ పిల్ల లెక్కలు చేస్తూనే ఉంది. గుమ్మంవైపు చూడనైనా లేదు.

గంట కొట్టగానే ఝాన్సీ భోజనం బొమ్మ తెచ్చి నాన్న ముందు పెట్టింది. ఆయన వెంటనే నా డబ్బా విప్పి మొత్తం తినేశాడు.

“నాన్నా, అది నాది!”

“బొమ్మలో ఉంది గదే!”

సాయంత్రం తనిఖీ పుస్తకంలో ఆవిడ రాసింది హెడ్మిస్ట్రెస్ గారు పైకి చదివారు. ‘ఈ అమ్మాయి ఈ తరగతిలోనే చదవాలి. నేనెవరో సరిచూసుకుని గాని లోపలికి రానివ్వనిది బడి మొత్తంలో ఈమె ఒక్కతే. మూడో తరగతి ఫ్యాను బోల్టు బిగించాలి. టీచరు బొమ్మలు వేయడం నేర్చుకోవాలి.’

ఆ పుస్తకం హెడ్మిస్ట్రెస్ గారు మూశాక చాక్‌పీసు మీద చెయ్యి వేసి ప్రతిజ్ఞ చేశాను: కళ్లారా చూడని మనిషి బొమ్మ ఈ జన్మలో గీయను, టిఫిన్ డబ్బా మరిచిపోను, మా నాన్నను బడి దరిదాపులకు రానివ్వను.

మర్నాడు ఆ ప్రతిజ్ఞను ఝాన్సీకి కూడా గంభీరంగా వినిపించాను. అంతా విని, గోడవైపు చూసి అడిగింది:

“బొమ్మేది?”