అందరికీ ఒకే చెంబు

డాక్టరు వెంకటగిరియప్ప ఇచ్చిన మందును ఇంటికి మోసుకుపోయిన మనిషి నగర్తపేటలో లేడు. జ్వరమైనా, దగ్గైనా, మోకాలి నొప్పైనా మాత్ర ఆయన కళ్ళముందే మింగాలి. పైన ఇత్తడి చెంబెడు నీళ్ళు అడుగు కనిపించేదాకా తాగాలి. తాగుతున్నంతసేపూ ఆయన తిట్లు వడ్డిస్తూనే ఉంటాడు.

సొన్నమ్మ ఆయన్ను మనవరాలి పెళ్ళికి పిలవడానికి వెళ్ళి, తాంబూలం ఇచ్చేలోపే మాత్ర మింగి వచ్చింది. "నాకేమీ కాలేదు నాయనా" అంటే, "కాలేదని నీకెవురు సెప్పినారు? తాగు" అన్నాడట.

డాక్టరు గదికి ఎదురుగా మునిరాజు ఇత్తడి పాత్రల అంగడి ఉంది. పక్క అంగడి పాపయ్యను కూర్చోబెట్టుకుని, పొట్ట పట్టుకుని బయటికొచ్చే రోగులను చూసి నవ్వడం అతనికి రోజూ ఫలహారం కిందే లెక్క.

అలాంటి మునిరాజుకు సెగవ్యాధి తగులుకుంది. యుద్ధం రోజుల్లో పాపయ్యతో కలిసి సిపాయిలుండే దండు వైపు షికార్లు కొట్టినందుకు దక్కిన బహుమానం అది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం నామోషీ అనిపించి, ఎవరో సిపాయి దొంగచాటుగా అమ్మిన సల్ఫా మాత్రలు కొన్నాడు. మంట తగ్గగానే మింగడం ఆపేసి, మిగిలినవి గల్లాపెట్టెలో దాచాడు. మళ్ళీ మంట పుడితే మళ్ళీ రెండు. పాపయ్యకూ అందులోంచే దానం. వ్యాపారస్తులు కదా, మందులోనూ పొదుపు చూపించారు. చివరికి డబ్బా ఖాళీ చేసినా మంట కదల్లేదు.

నిండు చూలాలైన భార్య సరోజమ్మ కూడా మంట అనేసరికి మునిరాజు అంగడి దిగాడు. తలవంచుకుని వీధి దాటాడు.

"ఎన్ని మింగితివి?" అన్నాడు డాక్టరు.

"మంట తగ్గేదాకా సామీ."

"మిగిలినవి?"

"దాసిపెడితి. పాపయ్యకు కొన్ని ఇస్తి."

"బలే దాతవప్పా. సగం సగం మందు పెడితే మెత్తటి పురుగులు సచ్చె, మందుకు లొంగనివి మిగిలి పిల్లల్ని పెట్టె. ఇప్పుడు ఆ మాత్రలు వాటికి పుట్నాలు." అంతలో ఆయన గొంతు తగ్గింది. "కాన్పులో ఆ సెగ బిడ్డ కండ్లకు తగిలితే సూపు పోతాది. పెనిసిలిన్ అని కొత్త సూది వచ్చిండాది, తెప్పిస్తా. ఎల్లుండి ఆయమ్మను పిల్సుకొని రా."

"ఈదిలో అందురూ సూస్తారు సామీ. ఆయమ్మది ఏ తప్పూ లేదు."

"నాకు తెలుసు. నీకిప్పుడు తెలిసెనా?"

చెప్పిన రోజున డాక్టరు గదిలో బల్ల నిండా జనం ఉన్నారు. డాక్టరు నాలుక చూస్తానని ఒక్కొక్కరినీ తెర వెనక్కి పిలిచి, తిట్టి, బయటికి తెచ్చి మాత్ర మింగించి చెంబు చేతికిచ్చాడు. తెర వెనక సూది వేయించుకుని సరోజమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే అందరికంటే ఎక్కువగా అరిచాడు: "నాలుక సూపించమంటే ఏడుస్తావేమ్మా? తాగు." బల్ల మీది వాళ్ళంతా నవ్వారు. గడ్డం మీద నీళ్ళు కారుతుండగా సరోజమ్మకూ నవ్వొచ్చింది.

"పాపం, నీ పెండ్లాం కూడా సెంబుకు సిక్కెనే" అని ఎదురంగడి గడపలోంచి పాపయ్య కేక వేశాడు. అతనికి అంతకు మించి ఏ అనుమానమూ రాలేదు.

మోకాలి నొప్పికని వచ్చిన సొన్నమ్మ, మింగలేక తన మాత్రను గుట్టుగా మునిరాజు చేతిలో పడేసింది. అతను దాన్ని నాలుకకు తాకించి చూస్తే ఉత్త చక్కెర బిళ్ళ. మునిరాజు బల్ల పొడవునా చూశాడు. అందరి చేతుల్లోనూ చెంబే, అందరికీ తిట్లే. ఎవరు మోకాలికి వచ్చారో, ఎవరు బయటికి చెప్పుకోలేనిదానికి వచ్చారో దేవుడు కూడా పోల్చలేడు. ఇన్నేళ్ళుగా తాను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది.

"ఏం సూస్తావు? నీ సెంబింకా సగం ఉండాది" అన్నాడు డాక్టరు.

ఆడపిల్ల పుట్టింది. దీపం ఎటు జరిపితే అటు గుడ్లు తిప్పుకుని చూసింది. మర్నాడు మునిరాజు తన అంగడిలోకెల్లా పెద్ద చెంబు ఏరి చంకలో పెట్టుకున్నాడు.

"ఎవురికప్పా అంత సెంబు?" అని పాపయ్య పగలబడి నవ్వాడు.

"నీకే. నా మాత్రలు తినింది నువ్వే కదా. పద."

మునిరాజు అతని చెయ్యి పట్టి వీధికి అడ్డంగా లాక్కుపోయాడు. ఇన్నాళ్ళకు పాపయ్య చెంబుకు చిక్కాడని నగర్తపేటంతా గుమిగూడి నవ్వింది. ఏం రోగమని మాత్రం ఒక్కరూ అడగలేదు.