సేఫ్ కాలేజీ గెలిచిన రోజు

ఆ రోజుల్లో మాకు అమెరికా అంటే యాభై రాష్ట్రాల దేశం కాదు, మూడు రకాల కాలేజీల దేశం. సేఫ్, మోడరేట్, ఆంబిషస్. అమీర్‌పేటలో ఓ రెండో అంతస్తు కన్సల్టెన్సీలో, తిరగని ఫ్యాను కింద కూర్చున్న కౌన్సెలరు గారు (ఆయన అప్పటికి విమానం ఎక్కలేదు) మన జీఆర్ఈ స్కోరు చూసి, "ఇది మీకు సేఫ్ అండీ, కళ్ళు మూసుకుంటే సీటు. ఇది మోడరేట్. ఇది ఆంబిషస్, దేవుడి మీద భారం వేసి అప్లై చేయడమే" అని మన జాతకం తేల్చేసేవారు. నేను ఆంబిషస్‌లన్నింటికీ అప్లై చేసి, అన్నింటిచేతా ఎంతో మర్యాదగా వద్దనిపించుకుని, సేఫ్‌కి వెళ్ళడం నామోషీ అనుకుని ఊరుకుని, చివరికి కొన్నేళ్ళ తర్వాత ఉద్యోగం వీసా మీద టెక్సస్‌లో దిగాను. అమెరికా చదువు అబ్బలేదు గానీ చదువుల తాలూకు జ్ఞానం మాత్రం ఒంటికి పట్టేసింది. ఏ యూనివర్సిటీ ఏ రకమో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ జ్ఞానం నన్ను ఎంత ఎత్తుకి ఎక్కించిందో, చివరికి తీసుకెళ్ళి ఎక్కడ కూర్చోబెట్టిందో అదే ఈ కథ.

డాలస్ పక్కన కాపెల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. నా రూమ్మేటు వరంగల్ మనిషి, కనిపించిన ప్రతివాణ్ణీ బావా అని పిలుస్తాడు కాబట్టి అందరం అతన్ని బావ అనేవాళ్ళం. ఆఫీసులో మా మేనేజరు అచ్చమైన టెక్సస్ పెద్దమనిషి. ఆయన వేలికి తను చదివిన కాలేజీ ఉంగరం ఉండేది, చిన్న సైజు నిమ్మకాయంత. మీటింగ్‌లో కోపమొస్తే ఆ ఉంగరంతో బల్లమీద టక్ టక్ మని కొట్టేవాడు. మేం తెలుగువాళ్ళం చాటుగా ఆయనకి ఉంగరమయ్య అని పేరు పెట్టుకున్నాం. ఆయనకి ఏం చెప్పినా ఒకటే ప్రశ్న, "డేటా ఏది?" ఆకలేస్తోంది అన్నా డేటా అడిగే రకం. నా కాంట్రాక్టు జనవరి నెలాఖరుకి అయిపోతుంది. దాన్ని పొడిగించాలా వద్దా అన్నది ఆ ఉంగరం చేతిలో ఉంది. ఫిబ్రవరిలో నా పెళ్ళి. అమ్మాయి తరఫువాళ్ళు నన్ను చూసి ఒప్పుకున్నారని మా అమ్మ అంటుంది గానీ, వాళ్ళు చూసింది నా ప్రాజెక్టుని. ప్రాజెక్టు పోతే వీసా, వీసాతోపాటు పెళ్ళి కూడా ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోయేవే. నిజం చెప్పొద్దూ, ఆ డిసెంబరంతా క్యాలెండర్ చూడాలంటేనే నాకు గుబులు.

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (కాలితో తన్నేది కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తేది) జట్లన్నీ బౌల్ గేమ్స్ అని ఆడతాయి. చిప్స్ కంపెనీ పేరుతో ఒకటి, టైర్ల కంపెనీ పేరుతో ఒకటి, ఇలా మన పెళ్ళిళ్ళ సీజన్‌లాగా కొత్త సంవత్సరం దాకా సాగుతూనే ఉంటాయి. మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. అన్ని ఆటలూ మొదలవకముందే ఏ ఆటలో ఎవరు గెలుస్తారో ప్రతివాళ్ళూ చెప్పెయ్యాలి. ఎక్కువ సరిగ్గా చెప్పినవాళ్ళ బల్లమీద ఏడాదిపాటు ఒక పాత ఇత్తడి బంతి ఉంటుంది. "మాకు ఈ ఆట తెలీదండీ" అందామనుకున్నాను గానీ, తెలియదు అనే మాట మాలాంటి కాంట్రాక్టు ఉద్యోగుల నోట రాకూడదని మాక్ ఇంటర్వ్యూల్లోనే నేర్పారు. పైగా ఆ జట్ల పేర్లు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నీ తెలిసిన పేర్లే! అన్నీ నన్ను వద్దన్నవో, నేను వద్దన్నవో. ఇంక ఆలోచించేదేముంది? ఆంబిషస్‌కీ మోడరేట్‌కీ ఆటైతే ఆంబిషస్ గెలుస్తుంది, మోడరేట్‌కీ సేఫ్‌కీ ఆటైతే మోడరేట్. రెండూ ఒకే రకమైతే కంప్యూటర్ సైన్స్‌లో ఏది మెరుగో అది. టీ చల్లారేలోపు అన్నీ పూర్తిచేసి పంపేశాను.

చిక్కంతా ఉంగరమయ్య కాలేజీ దగ్గర వచ్చింది. జనవరి ఒకటో తారీకు ఆటలో ఆయన కాలేజీకి ఒక ఆంబిషస్‌తో పోటీ. ఉంగరమయ్య కాలేజీ ఆ రోజుల్లో మా లెక్కలో సేఫ్‌లకే సేఫ్. మా బావ అక్కడే ఎమ్మెస్ చేశాడు. (రెండేళ్ళున్నా స్టేడియం ఎటువైపుందో అతనికి తెలియదు. ల్యాబు, లైబ్రరీ, శుక్రవారం ఇండియన్ బఫే, ఇవే అతను చూసిన కాలేజీ.) ఎందుకైనా మంచిదని బావని అడిగాను. అతను తింటున్న ఉప్మా పక్కనపెట్టి, "నాకు సీటిచ్చిన కాలేజ్ ఎట్ల గెలుస్తది బావా? నువ్వే ఆలోచించు" అన్నాడు. ఆ తర్కానికి తిరుగులేదనిపించింది. ఓడిపోతుందని రాసేశాను.

అందరి అంచనాలూ మీటింగ్‌లో పైకి చదివి వినిపిస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. నా పేరు దగ్గరికి వచ్చేసరికి ఉంగరమయ్య ఆగిపోయాడు. టీమ్ మొత్తంలో ఆయన కాలేజీ ఓడుతుందన్నవాణ్ణి నేనొక్కణ్ణే. (మిగతావాళ్ళకి ఫుట్‌బాల్ తెలుసో లేదో గానీ ఉద్యోగం అంటే ఏమిటో తెలుసు.) ఉంగరం బల్లమీద టక్ మంది. "డేటా ఏది?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక ఉన్నమాటే చెప్పేశాను. "స్టాండర్డ్స్ పడిపోయాయండీ. ఎవర్ని పడితే వాళ్ళని తీసేసుకుంటున్నారు" అన్నాను. ఆయన నావైపు చూసి, "ఎన్నేళ్ళుగానో నేను కోచ్‌ని తిడుతున్నది అదే!" అన్నాడు. "ఆటగాళ్ళని ఏరుకోవడం చేతకావట్లేదు. ఈ గదిలో ఈ మాట చెప్పే ధైర్యం ఒక్కడికే ఉంది." నేను వినయంగా తల దించుకున్నాను.

తర్వాత జరిగింది నా ప్రమేయం లేని విషయం. ఆంబిషస్‌లు వరసగా గెలవడం మొదలుపెట్టాయి. క్రిస్మస్ దాటేసరికి ఆఫీసులో అందరికన్నా ముందు నేనున్నాను. చిన్నప్పట్నుంచీ ఆ ఆటలోనే పుట్టి పెరిగినవాళ్ళు కాఫీ మెషిన్ దగ్గర నన్ను ఆపి, "ఫలానా ఆట ఏమనుకుంటున్నావు?" అని అడిగేవారు. నేను "ఇట్ డిపెండ్స్" అని మొదలుపెట్టి, "ఫండమెంటల్స్ చూడాలి" అని ముగించేవాణ్ణి. ఆ రెంటి మధ్యా వాళ్ళే తలా ఒక మాట వేసుకుని, నేనే చెప్పాననుకుని, తలూపుతూ వెళ్ళిపోయేవారు. టీవీలో సూట్లు వేసుకుని గంటలకొద్దీ విశ్లేషించేవాళ్ళు కూడా చేసేది ఇదేనని నాకు అప్పుడే అర్థమైంది. వాళ్ళకి టై ఉంటుంది, అంతే తేడా. చివరికి ఉంగరమయ్యే వచ్చి, "ఒకటో తారీకు మా ఇంటికి రా. మన ఆట నీ పక్కన కూర్చుని చూడాలి" అన్నాడు.

ఇంటికొచ్చి బావకి చెబితే అతను పెద్ద నిట్టూర్పు విడిచాడు. "ఆయన టీమ్ ఓడితే నువ్వు కరెక్ట్. ఇల్లంత ఏడుస్తుంటే నడిమిట్ల నువ్వొక్కనివి కరెక్ట్‌గ కూసుంటవ్. ఇగ ఎక్స్‌టెన్షన్ ఎవడిస్తడు?" అన్నాడు. మార్చుకుందామంటే మార్చే వీలు లేదు. ఆ పూట గుడికెళ్ళి, నేను చెప్పిన జోస్యం తప్పాలని నేనే కొబ్బరికాయ కొట్టాను. పెళ్ళికూతురికి ఫోన్‌లో సంగతి చెబితే ఆమె కంగారు పడలేదు. "నేనూ మొక్కుకుంటానండీ. ఏ టీమో పేరు చెప్పండి చాలు" అంది. ఆ మాటకి నా గుండె కరిగిపోయింది. ఫుట్‌బాల్‌కి కొత్త భక్తురాలు దొరికిందని కాదు, నా కష్టం తనది అనుకుందని.

ఒట్టిచేతులతో వెళ్ళకూడదని బావ పులిహోర కలిపిచ్చాడు. సేల్‌లో కొన్న కొత్త ఎర్ర స్వెట్టర్ వేసుకుని వెళ్ళాను. తలుపు తీసిన ఉంగరమయ్య స్వెట్టర్‌ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. అవతలి జట్టు రంగు ఎరుపట. లోపల పెద్ద కుర్చీలో కూర్చున్న ఆయన తల్లిగారు, తొంభైకి దగ్గర్లో ఉన్న బామ్మగారు, "ఈ అబ్బాయి ఎవరి మనిషి?" అని అడిగారు. స్వెట్టర్ విప్పుదామంటే లోపల చిరుగుల బనియను. ఒక మూల ఒదిగి కూర్చున్నాను. కాసేపటికే అవతలివాళ్ళు పాయింట్ల మీద పాయింట్లు కొట్టారు. బామ్మగారు నావైపు ఒకలా చూసి, "గరాజ్‌లో ఫ్రిజ్ ఉంది, సోడాలు పట్టుకురా బాబూ" అన్నారు. అలా వెళ్ళానో లేదో లోపల కేకలు. ఉంగరమయ్య జట్టు టచ్‌డౌన్ కొట్టింది, మన లెక్కలో గోల్ అన్నమాట. సోడాలతో తిరిగొచ్చాను, బంతి అవతలివాళ్ళ చేతికి పోయింది. ఐస్ కోసం మళ్ళీ పంపారు, మళ్ళీ టచ్‌డౌన్. ఐస్‌తో లోపలికి వచ్చాను. అందరూ టీవీని వదిలి నన్నే చూస్తున్నారు.

ఆ చూపు నాకు కొత్త కాదు. మా ఇంట్లో క్రికెట్ చూస్తున్నప్పుడు నేను గదిలో అడుగుపెడితే వికెట్ పడుతుందని మా పెద్దక్క ఎప్పుడో కనిపెట్టింది. ముఖ్యమైన మ్యాచ్‌లన్నీ నేను మెట్లమీద కూర్చుని, పక్కింటివాళ్ళ అరుపుల్ని బట్టి చూసినవాణ్ణే. సముద్రాలు దాటి వచ్చినా ఆ పెద్దక్క ఇక్కడ బామ్మగారి రూపంలో కూర్చునుంది! "సార్, కోరిలేషన్ వేరు, కాజేషన్ వేరు, రెండు కలిసి జరిగినంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు అని మీరే కదా..." అని గొణిగాను. డేటా లేనిదే మంచినీళ్ళు తాగని ఆ మనిషి నా భుజమ్మీద చెయ్యేసి, "అది ఆఫీసు. ఇది ఫుట్‌బాల్" అని, మడత కుర్చీ ఒకటి చంకలో పెట్టుకుని నన్ను స్వయంగా గరాజ్‌లోకి దిగబెట్టాడు.

అలా నేను లాన్ మోవర్‌కీ వాషింగ్ మెషిన్‌కీ మధ్య, ఒళ్ళో పులిహోర గిన్నెతో కూర్చున్నాను. జనవరి చలి కాళ్ళలోంచి పాకుతోంది. తలుపవతల నా ఉద్యోగం, వీసా, పెళ్ళి ఆడుకుంటున్నాయి. కేకలు వినిపిస్తున్నాయి గానీ సంతోషమో ఏడుపో తెలియదు. (ఇంగ్లీషువాళ్ళ సంతోషం మనకి అంత త్వరగా అర్థం కాదు.) భయానికి పులిహోర అంతా నేనే తినేశాను. చివరికి చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అయిపోయింది, ఇంక సూట్‌కేస్ దించుకోవడమే అనుకున్నాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఉంగరమయ్య కళ్ళనిండా నీళ్ళు. "నువ్వు చెప్పింది తప్పయింది" అన్నాడు. "అవునండీ" అన్నాను ఆశగా. ఆయన నన్ను కావిలించుకుని పైకి లేపేశాడు. ఎర్ర స్వెట్టర్‌తో సహా.

ఇత్తడి బంతి ఇంకెవరికో పోయింది. ఆ వారంలోనే నా కాంట్రాక్టు పొడిగించారు. కారణం దగ్గర 'క్రిటికల్ రిసోర్స్' అని, అంటే లేకపోతే పని ఆగిపోయే మనిషినని, రాసుంది. బావ అది చదివి, "ఇంజనీరింగ్ చదివినందుకు కాదు, గరాజ్‌ల కూసున్నందుకు అమెరికాల ఉన్నవ్ బావా" అన్నాడు. ఆయన రిటైరయ్యేదాకా ఏటా ఆ కుర్చీ నాదే. తర్వాత్తర్వాత ఒక చిన్న హీటరు కూడా పెట్టించాడు. టీవీ మాత్రం పెట్టలేదు, మహిమ పోతుందని.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీలకి అప్లై చేస్తోంది. నేను అలవాటుకొద్దీ సేఫ్, మోడరేట్, ఆంబిషస్ అని మొదలుపెడితే, "నాన్నా, ఆ కాలేజ్‌లో ఫుట్‌బాల్ బ్యాడ్. నేను అక్కడికి వెళ్ళను" అంటుంది. నేను కాలేజీని చూసి ఆట చెబితే ఇది ఆటని చూసి కాలేజీ చెబుతోంది. దాని మనసు పడింది దేనిమీదంటే ఉంగరమయ్య కాలేజీ మీద. అదిప్పుడు ఆంబిషస్‌లకే ఆంబిషస్ అయి కూర్చుంది, బావ ఈసారి అప్లై చేస్తే గేటు కూడా తీయరు.

మొన్న సాయంత్రం ఫలితం వచ్చిందని మెయిల్ వచ్చింది. అమ్మాయి హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుంది. మా ఆవిడ దేవుడి గదిలోంచి వచ్చి నిలబడి నావైపు చూసింది. నేనే లేచి గరాజ్‌లోకి వెళ్ళి, వాషింగ్ మెషిన్ పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చలి అదే, గుబులు అదే. మధ్యలో జుట్టొక్కటే ఎటో పోయింది. కాసేపటికి లోపల పెద్ద కేక. అమెరికాలో పుట్టిన పిల్ల కేక, సంతోషమో ఏడుపో నాకిప్పటికీ తెలియదు. పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు. "నాన్నా! గాట్ ఇన్!" అని మెడకి చుట్టుకుంది. నేనూ కళ్ళు తుడుచుకుంటూ లోపలికి రాబోయాను. వెనకనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"మీరింకాసేపు అక్కడే కూర్చోండి. ఇంకో రెండు కాలేజీలవి రావాలి."

కూర్చున్నాను.